ఉత్తమెడ బేరం

"ఇయాల అంగట్ల నోరు తెర్వకు కొడుకా. నువ్వొక్క మాట అన్నవంటే మన ఇల్లు వెలి పడ్తది. వెలి పడ్డ ఇంటి గడప నర్సింగమ్మ తొక్కది. ఆమె తొక్కకపోతే నీ చెల్లె కాన్పు ఎట్లయితది? బిడ్డ అడ్డం తిరిగితే ఎవరు జూస్తరు?"

బండి ఇంకా కట్టనేలేదు. నా కొడుకు పర్వతాలు కాడి ఎత్తి పట్టుకుని కొత్త కోడెను అదిలిస్తున్నాడు. అది మెడ ఇవ్వనని మొండికేస్తోంది. నా మాట విని వాడు కాడి దించి నా వైపు చూశాడు.

"ఇంక కోడెనే కాడి కిందికి రాలేదమ్మా. నువ్వప్పుడే చెల్లెను సంపినవా?"

"అట్లనకురా! పైన తథాస్తు దేవతలుంటరు."

"నువ్వన్నదే నేనన్న."

లోపల నా బిడ్డ భద్రమ్మ దగ్గింది. నిండు నెలల పిల్ల. ఆమె దగ్గినా నాకు నొప్పులే అనిపిస్తోంది, దగ్గకపోయినా ఏమైందోనని తొంగి చూస్తున్నాను.

మా ఇంట్లో ఈ రంది మొదలైంది పర్వతాలు నార్కట్‌పల్లి నుంచి వచ్చిన దినం. మిరపకాయల లారీ మీద హమాలీగా పోయినవాడు అక్కడ రోడ్డు పక్కన మా మైలెద్దును చూశాడు. మా దొడ్లో పుట్టి, మా చెలకలోనే దున్ని, ముసలిదైన ఎద్దు. దాన్ని వలిగొండ దిక్కు రైతుకు తేలిక పనికి ఇచ్చానని మా ఆయన జానయ్య ఊరందరికీ చెప్పాడు. నా కొడుకు చూసినప్పుడు దాని మెడలో పలుపు లేదు. దాన్నీ ఇంకో ఎద్దునూ ఒకే తాడుతో ముక్కుల్లోంచి గుచ్చి జంటగా కట్టారు. ముక్కు చీలి, మూతి నిండా నెత్తురు గడ్డకట్టి ఉంది. అది పట్నానికి కోతకు పోయే మంద. వాడు దిగేలోపే లారీ కదిలింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే తండ్రిని అడిగాడు: "నాయినా, మైలెద్దును ఎవలకిచ్చినవ్?" జానయ్య చేతిలోని ముద్దను తలెలో పెట్టి లేచిపోయాడు. ఇప్పటిదాకా జవాబు లేదు. తండ్రీకొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడింది లేదు. ఆయన మాట వీనికీ, వీని మాట ఆయనకూ నేనే మోస్తున్నాను.

ఆ జవాబు రాకపోవడమే మంచిదని నేను దేవుడికి మొక్కుతున్నాను.

ఎందుకంటే మా దిక్కు ఎద్దును అమ్మేటప్పుడు నోటితో చెప్పని సంగతి పలుపుతో చెప్తారు. దున్నుకునేవాడికి అమ్మితే పలుపు కొసను కొన్నవాడి చేతిలో పెట్టి, ఎద్దు వీపు నిమిరి వస్తారు. ముసలిదాన్ని బేరగాడికి ఇస్తే పలుపూ ముకుతాడూ విప్పుకుని ఇంటికి తెచ్చుకుంటారు. పలుపు ఇంట్లో ఉంటే లక్ష్మి ఇంట్లో ఉన్నట్టేనట. దాన్నే ఉత్తమెడ బేరం అంటారు. పలుపు భుజాన వేసుకుని ఎదురొచ్చే మనిషిని చూస్తే చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది, ఆ ఎద్దు ఎక్కడికి పోయిందో. తెలిసినా ఎవరూ అనరు. మా కులంలో అమ్మితే తప్పు లేదు. అమ్మినానని అంటేనే తప్పు.

మా కులపాయన గుర్వయ్య ఒకనాడు కల్లు ఎక్కువై ఆ మాట అన్నాడు. "అవును, కోతకే ఇచ్చిన, మీరియ్యలేదా?" అని నలుగురిలో అడిగాడు. వాళ్ళ ఇంటికి నిప్పూ నీళ్ళూ బందు చేశారు. వాళ్ళ తల్లి చచ్చిపోతే మోసేవాళ్ళు దొరకలేదు. బండిలో పడుకోబెట్టుకుని పోయారు. ఆ బండి చక్రాల కిర్రు మా గోడ పక్క నుంచే పోయింది. నాకు ఇప్పటికీ ఏ బండి కిర్రుమన్నా అదే.

ఇట్లాంటి ఊళ్ళో, పశువుల డాక్టరు తిరుమలగిరి అంగడికి వస్తున్నాడని డప్పు వేశారు. కోతకు పోయే పశువులను ఎట్లా తోలాలి, ఎట్లా కట్టాలి, దారిలో ఎక్కడ నీళ్ళు తాపాలి అని సర్కారు కొత్త కాయిదాలు చేస్తోందట. పాతవి పనికిరావట. రైతులను అడిగి మరీ రాస్తారట. డప్పు విన్నప్పటి నుంచి నా కొడుకు కళ్ళలో ఒక మెరుపు. వాడు అక్కడ ఏం అంటాడోనని నాకు భయం.

అందుకే నేను కూడా బండెక్కాను. పక్కింటి ముసలమ్మను భద్రమ్మ దగ్గర కూర్చోబెట్టి, నర్సింగమ్మను బతిమాలి మరీ బండిలో ఎక్కించుకున్నాను. మా ఊరికి మంత్రసాని ఆమె ఒక్కతే. ఆమె నా కళ్ళ ముందు ఉంటే సగం ఫికర్ తీరినట్టు.

"నీ బిడ్డకు ఇంక దినాలున్నయే బక్కమ్మా. నువ్వు జేసే ఆగానికి నాకే నొప్పులొచ్చేటట్టున్నయి," అంది నర్సింగమ్మ, గడ్డి మీద సర్దుకుని కూర్చుంటూ.

"దినాలు మన చేతిల ఉంటయా అక్కా. ఇయాల రాత్రికే వస్తేనో?"

"వస్తే వస్త. నేనేం పట్నం పోతున్ననా?"

"ఏమైనా వస్తవు గద?"

"ఏమైతది?" అని నా మొహంలోకి చూసింది. నేను తల తిప్పుకుని దారి వెంట తంగేడు పొదలను చూశాను. బండి తోలుతున్న నా కొడుకు వీపు బిగుసుకుంది. జానయ్య బండెక్కలేదు. గొంగడి భుజాన వేసుకుని బండికి చాలా ముందు నడుస్తున్నాడు. ఆయన పిక్కల దాకా దుమ్ము.

*

అంగట్లో పశువులు దిగే జాగా పక్కన చిన్న షామియానా కట్టారు. డాక్టరుకు ఒక కుర్చీ, ఒక బల్ల. రైతులంతా నేల మీదే. ఆడవాళ్ళం ఒక వారగా, చింతపండు గంపల వెనుక కూర్చున్నాం. నా కొడుకును నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. వాడి అంగీ కొసను నా గుప్పిట్లో పట్టుకున్నాను. నర్సింగమ్మ చూసి నవ్వింది.

"పాలు తాగే పోరడా ఏంది, పట్టుకున్నవు?"

జానయ్య అందరికంటే వెనుక, గుంజకు ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు.

డాక్టరు కోస్తా మనిషి. వయసులో చిన్నవాడే. ఎండకు మొహం కందిపోయింది. లేచి నిలబడి, దండం పెట్టి, మర్యాదగా అడిగాడు.

"మీలో మాంసం కోసం పశువులను పెంచేవాళ్ళు ఎవరండీ?"

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదటి వరసలోంచి గాలయ్య లేచాడు. ఎక్కడ నలుగురు కూడినా నవ్వించకుండా ఉండలేని మనిషి.

"సారూ, మా దిక్కు కూరకు కోళ్లను పెంచుతరు, దున్నెతందుకు ఎద్దులను పెంచుతరు. మీ దిక్కు కోళ్లతోటి దున్నుతరా ఏంది?"

షామియానా అంతా గొల్లుమంది. డాక్టరు కూడా నవ్వాడు. అప్పుడు ఎల్లస్వామి గొంతు సవరించుకున్నాడు. ఆయన మా కులపెద్ద. కోపం ఎరగని మనిషి. గుర్వయ్యను వెలి వేసిన నాడు కూడా నెమ్మదిగానే మాట్లాడాడు. అందుకే నాకు ఆయనంటే ఎక్కువ భయం.

"గసొంటోళ్లు మా ఊర్లల్ల లేరు సారూ. లేరని రాసుకోన్రి."

"లేరు, లేరు," అన్నారు అందరూ.

అది అబద్ధం కాదు. ఏ ఎద్దునూ ఎవరూ కోతకని పెంచరు. నాకు ప్రాణం లేచొచ్చింది. అడిగినదానికి జవాబు దొరికింది, ఇక లేచి ఇంటికి పోవచ్చు అనుకున్నాను. గంపలో ఉల్లిగడ్డలు కూడా సర్దుకున్నాను.

"సరేనండి, లేరనే రాస్తాను," అన్నాడు డాక్టరు. కానీ కూర్చోలేదు. "మరి ఈ రోడ్డు మీద నడిచిపోయే మందలు ఎక్కడివండీ? నేను వచ్చేటప్పుడు ఒకటి ఎదురైంది. సగం పశువులకు ముక్కులు చీలి ఉన్నాయి. ఎందుకు చీలుతున్నాయో నాకు తెలియాలి. మీరు చెప్పకపోతే, పశువును ఎన్నడూ కట్టనివాళ్ళు పట్నంలో కూర్చుని రాస్తారు. ఆ రాసింది మీకూ పనికిరాదు, పశువుకూ పనికిరాదు."

నా గుప్పిట్లో అంగీ గుడ్డ బిగిసింది. లేవబోతున్నాడని తెలిసి రెండో చెయ్యి కూడా వేశాను. నా కొడుకు కంటే ముందు ఇంకొకరు లేచారు. నూరుద్దీన్, బేరగాడు. మా చుట్టుపక్కల ముసలి పశువులన్నీ ఆయన చేతుల మీదుగానే పోతాయి.

"డాక్టర్ సాబ్, వీళ్లు జూట్ చెప్తలేరు. పుట్టినకాడికెల్లి అది దున్నే ఎద్దే. గీ అంగడి దర్వాజ దాటినంకనే కోత పశువు అయితది. దర్వాజకు అవుతల ఉండేటోణ్ణి నేను. నన్ను అడుగున్రి."

"చెప్పండి సాబు గారూ. ముక్కులు ఎందుకు చీలుతున్నాయి?"

"ఉత్తమెడకు సాబ్."

ఆ మాటతో షామియానాలో నవ్వు మొహాలన్నీ ముడుచుకుపోయాయి. డాక్టరుకు అర్థం కాలేదు. నూరుద్దీన్ తన మెడ చుట్టూ వేలు తిప్పి చూపించాడు.

"ఇచ్చేటోళ్లు పలుపు ఇప్పుకోని ఇంటికి తీస్కపోతరు. ఆ పలుపు దాని మెడకు అలవాటైంది, మెత్తగ అరిగింది. దాన్ని పట్టుకుంటే పశువు మారు మాట్లాడకుంట ఎంబడొస్తది. పలుపు లేని పశువును నేనేం పట్టుకోని తోల్కపోవాలె? రెండింటి ముక్కులకెల్లి ఒక్క కొబ్బరితాడు గుంజుత. ఒకటి ఆగితే రెండోదాని ముక్కు చీల్తది. ఒకటి పడితే రెండు పడ్తయి. నా తప్పు లేదంటలేను. తాడు గుంజేది నేనే. కని పలుపుతోటి ఇస్తే పలుపు పట్టుకోనే తోల్కపోత. గంతే."

"ఓ సాబూ," అన్నాడు ఎల్లస్వామి అదే నెమ్మదితో, "నీ యాపారం నువ్వు జూస్కో. మా పలుపుల ముచ్చట నీకెందుకు? పలుపంటే మాకు ఇంటి లచ్చిమి."

"లచ్చిమి మీ ఇంట్ల కొయ్యకు ఏలాడ్తాంది పెద్దయ్యా. ఎద్దు ముక్కు నా తాడుకు చీల్తాంది."

"ఎవరి ఇంట్ల ఏలాడ్తాంది? పేరు జెప్పు."

నూరుద్దీన్ చేతులు జోడించాడు. "పేర్లు నా నోట్లకెల్లి రావు. మల్ల వారం గిదే అంగడికి రావాలె నేను. నా పొట్ట మీద నేనే తన్నుకుంటనా?" అని కూర్చున్నాడు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ డాక్టరు వదిలే మనిషిలా లేడు. బల్ల చుట్టూ తిరిగి ముందుకొచ్చి, రైతులతో సమానంగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"చూడండి. ఈయన వ్యాపారి. ఈయన ఒక్కడి మాట పట్టుకుపోతే, తాడు ఖర్చు తప్పించుకోవడానికి అన్నాడని పైవాళ్ళు తోసేస్తారు. రైతు నోట రావాలి. ఉత్తమెడతో ఇచ్చిన రైతు ఒక్కరు చెప్తే చాలు, 'నేను ఇచ్చాను, ఇకమీద పలుపుతో ఇస్తాం' అని. పలుపు లేని పశువును తోలొద్దని కాయిదాలో ఎక్కించే పూచీ నాది."

"ఆ మాట అన్నోని ఇంటికి ఏమైతదో మా కులంల అందరికి ఎరుకే సారూ," అన్నాడు ఎల్లస్వామి. బెదిరింపు లేదు ఆ గొంతులో. వాన రాకడ చెప్పినట్టు చెప్పాడు.

"ఎవడంటడు? పిచ్చి లేస్తే అనాలె," అంది నర్సింగమ్మ నా చెవిలో. ఆమె చెయ్యి నా మోకాలి మీద ఉంది. ఎన్ని ఇళ్ళలో ఎందరు బిడ్డలను పట్టిన చెయ్యో. ఆ వెచ్చదనం నా మోకాలి మీద ఉన్నంతసేపూ నా భద్రమ్మకు ఏమీ కాదన్నట్టు ఉంది నాకు.

అంగీ నా గుప్పిట్లోంచి జారిపోయింది.

"నేను జూసిన సారూ," అన్నాడు పర్వతాలు, నిలబడి.

"కూసో కొడుకా, నీ కాళ్లు మొక్కుత కూసో."

"నువ్వు ఇచ్చావా బాబూ?" అని అడిగాడు డాక్టరు.

"నేనియ్యలె. జూసిన. నార్కట్‌పల్లిల. ముక్కు చీలి ఉండె. కొమ్ము వంకర చూసి గుర్తుపట్టిన. నా చిన్నప్పుడు దాని వీపు మీద పండుకోని నిద్రపోయేటోణ్ణి నేను."

"ఎవరి ఎద్దు?"

నా కొడుకు డాక్టరుకు జవాబు చెప్పలేదు. వెనక్కి తిరిగాడు. అందరి తలల మీదుగా గుంజ దగ్గర కూర్చున్న తండ్రిని చూశాడు. వాడి గొంతు పెద్దదేమీ కాలేదు. అయినా పశువుల దగ్గర బేరాలాడుతున్నవాళ్ళు కూడా ఆగి చూశారు.

"నాయినా, ఇంట్ల అడిగితే చెప్పలె. గీడనన్న చెప్పు. మైలెద్దును ఎవలకిచ్చినవ్?"

నా తల లోపల బండి చక్రాలు కిర్రుమన్నాయి. మా గడపకు వెలి వేసి పెట్టిన ముళ్ళకంప కనిపించింది. లోపల భద్రమ్మ అరుస్తోంది, దీపం పట్టుకుని నేనొక్కదాన్నే ఉన్నాను, నా చేతులకు ఏం చెయ్యాలో తెలియడం లేదు. అదంతా అప్పుడే జరిగిపోయినట్టు కళ్ళ ముందుకు వచ్చింది.

ఎల్లస్వామి నవ్వాడు. నిజంగానే దయగా నవ్వాడు.

"పోరడు ఏ ఎద్దును జూసి ఏదనుకున్నడో. వంకర కొమ్ములు లోకంల ఒక్కదానికే ఉంటయా? జానయ్య ఎద్దును వలిగొండ రైతుకిచ్చిండు. మాకందరికి చెప్పిండు. ఔనా జానయ్యా?"

తలుపు తీసి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు ఆ మాటను. ఊ అంటే చాలు. తల ఊపినా చాలు. అందరం బండెక్కి ఇంటికి పోతాం. ఊ అను, ఊ అను అని లోలోపల ఆయన కాళ్ళు పట్టుకున్నాను. నా పెనిమిటి అబద్ధం ఆడాలని దేవుణ్ణి అడగడం తప్పో ఒప్పో ఆలోచించే తీరిక నాకు లేదు.

"అంటడులే," అంది నర్సింగమ్మ, నా మోకాలు తట్టి.

జానయ్య కదల్లేదు. నేలకేసి చూస్తున్నాడు. డాక్టరు మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. గాలికి షామియానా గుడ్డ ఉబ్బి, మళ్ళీ పడిపోయింది. నా కొడుకు నిలబడే ఉన్నాడు. ఎంతసేపని! ఆ కాస్తసేపట్లో నేను నా బిడ్డను వెయ్యిసార్లు పోగొట్టుకున్నాను. ఎల్లస్వామి నవ్వు మెల్లగా అరిగిపోయింది. "ఔనా జానయ్యా?" అని మళ్ళీ అడిగాడు. ఈసారి అడిగినట్టు లేదు.

మా ఆయన గుంజ పట్టుకుని లేచాడు.

"నూరుద్దీన్‌కిచ్చిన."

ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. నేనేనేమో.

"పలుపు ఇప్పుకోని ఇచ్చిన. కోతకని తెలిసే ఇచ్చిన."

నా మోకాలి మీది చెయ్యి లేచిపోయింది. నర్సింగమ్మ తన కొంగు దగ్గరికి లాక్కుని, చింతపండు గంపకు అవతలికి జరిగి కూర్చుంది. నా వైపు చూడలేదు.

జానయ్య ఎల్లస్వామిని చూడలేదు, డాక్టరును చూడలేదు. కొడుకునే చూస్తున్నాడు. ఆగి ఆగి అన్నాడు.

"నువ్వు జూసింది నార్కట్‌పల్లిల గద కొడుకా. అంతకు ముందుగాలనే, నకిరేకల్ దాటంగనే పడ్డది అది. మా అక్క ఇంటికి పోతున్న అని మీ అమ్మకు చెప్పి, మంద ఎన్కనే నడిచిన. ఇడిసి రాబుద్ధి కాలె. పడ్డంక తోలేటోళ్లు కట్టెతోటి పొడిసిండ్రు. తోక మెలేసిండ్రు. మూతి మీద నీళ్లు కొట్టిండ్రు. లేవలె. ఎవ్వలు ఏం జేసినా లేవలె."

ఆయన గుంజను వదిలేశాడు.

"నేను పిలిస్తే లేశింది."